శిథిల వ్యవసాయ కట్టడాలు: మరమ్మతుకు బదులుగా నివాసం

6.1 పరిచయం

ముందు భాగంలో డబ్బు రూపంలో అద్దె చెల్లించే లీజు గురించి చదివారు. ఈ భాగంలో అద్దెకు బదులు శ్రమ, సామగ్రి ప్రతిఫలంగా ఉండే ఏర్పాటును పరిశీలిద్దాం. పాడుబడిన వ్యవసాయ కట్టడాన్ని ఒకరు బాగుచేస్తారు. అందుకు బదులుగా కొంతకాలం అందులో కాపురం ఉంటారు. చూడటానికి ఇది చాలా సులువైన ఇచ్చిపుచ్చుకోవడం. కానీ ఒక పక్షం తాను ఇవ్వవలసినదంతా మొదటి కొద్ది నెలల్లోనే ఇచ్చేస్తుంది. రెండో పక్షం తాను ఇవ్వవలసినది ఏళ్ల తరబడి, నెలనెలా ఇస్తూ పోతుంది. ఇటువంటి ఏర్పాట్లలో వచ్చే వివాదాలలో ఎక్కువ భాగం ఈ కాలవ్యత్యాసం నుంచే పుడతాయి. భాగం చదువుతున్నంతసేపూ ఈ విషయాన్ని మనసులో ఉంచుకోండి.

వ్యవసాయ కట్టడాలు అంటే పశువుల కొట్టాలు, ధాన్యం కొట్లు, పొగాకు బ్యారన్లు, మోటారు షెడ్లు, పొలం మధ్యనున్న పెంకుటిళ్లు. ఇవి పాడుబడటానికి కారణాలు మీకు తెలియనివి కావు. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి, వాటితో కొట్టం పని తీరిపోయింది. యంత్రంతో కోసిన ధాన్యం కల్లంలోంచే మిల్లుకు పోతుంటే ఇంటి దగ్గర గాదె అక్కరలేదు. వారసులు పట్నంలోనో పరదేశంలోనో ఉంటారు. కట్టడం మాత్రం అక్కడే ఉంటుంది. మనుషులు మసలని పెంకుటిల్లు ఎంత తొందరగా కూలుతుందో పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఒక పెంకు జారితే వాన నీరు వాసం మీద పడుతుంది, వాసం కుళ్లితే దూలం వంగుతుంది, ఆ తర్వాత మట్టిగోడ వంతు వస్తుంది.

6.2 మూడు మాటల ఒప్పందం

ఈ ఊహాత్మక ఉదాహరణను చూడండి. ఒక యజమాని హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఊరి పొలంలో ఆయన తండ్రి కట్టించిన పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని పశువుల కొట్టం ఉన్నాయి. పదేళ్లుగా తలుపు తీసినవారు లేరు. అదే ఊరి యువ దంపతులు అద్దె కట్టే స్తోమత లేక ఆయనను అడిగారు. భర్తకు మేస్త్రీ పని వచ్చు.

“బాబాయ్, ఆ ఇల్లు మేం బాగుచేసుకుంటాం. మమ్మల్ని ఉండనిస్తావా?”

“ఉండండిరా అబ్బాయ్, మీ ఇష్టం వచ్చినన్నాళ్లు ఉండండి. అద్దె గిద్దె ఏం వద్దు. ఇల్లు పడిపోకుండా నిలబెట్టు, అదే చాలు.”

ఇందులో దురుద్దేశం ఎవరిలోనూ లేదు. అయినా ఆయన అన్న మూడు మాటల్లోనూ ఒక్కొక్క చిక్కు ఉంది. “ఇష్టం వచ్చినన్నాళ్లు” అన్నది గడువు లేని గడువు. “అద్దె వద్దు” అన్న మాటను బట్టి ఇది ఉచిత అనుగ్రహమా, ప్రతిఫలం ఉన్న ఒప్పందమా అన్న ప్రశ్న వస్తుంది. “నిలబెట్టు” అన్నది మరమ్మతు ఎంతవరకు చేయాలో చెప్పదు. ఈ మూడింటినీ చట్టం ఎలా చదువుతుందో చూసేముందు, లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

దంపతులు కప్పు దించి కొత్త వాసాలు వేశారు, గోడలు సరిచేశారు, మరుగుదొడ్డి కట్టారు, కరెంటు పెట్టించారు. సామగ్రికి 1,50,000 రూపాయలు అయ్యాయి. తమ కూలి విలువ 90,000 అనుకుందాం. మొత్తం 2,40,000. బాగుపడిన ఆ ఇంటికి ఊళ్లో నెలకు 3,000 అద్దె వస్తుందనుకుంటే, వారు పెట్టినది నివాస రూపంలో తిరిగి రావడానికి 80 నెలలు, అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. రెండేళ్లు గడిచేసరికి వారు అనుభవించినది 72,000. అప్పుడు ఖాళీ చేయమంటే 1,68,000 రూపాయల విలువ యజమాని గోడల్లోనే ఉండిపోతుంది. ఈ మొత్తాన్ని మనం ఇక్కడ ‘మిగులు బాకీ’ అందాం. ఇది చట్టంలోని పదం కాదు, మన సౌకర్యం కోసం పెట్టుకున్నది.

యజమాని వైపు కూడా ఆలోచించండి. కప్పు దించిన తర్వాత దంపతులు పని మానేసి వెళ్లిపోతే ఒక్క వానాకాలంలో మట్టిగోడలు కరిగిపోతాయి. అంటే మొదటి నెలల్లో నష్టభయం యజమానిది, పని పూర్తయిన రోజు నుంచి నివాసిది. మంచి ఒప్పందం ఈ రెండు దశలనూ వేరుచేసి చూస్తుంది.

6.3 ఐర్లాండ్ నేర్పిన పాఠం

ఈ సమస్య ఒక దేశ రాజకీయాలనే మార్చిన సందర్భం ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో పొలంతో పాటు ఇల్లు, కొట్టాలు భూస్వామి కట్టించి ఇవ్వడం ఆనవాయితీ. ఐర్లాండులో భూస్వామి చాలావరకు ఉత్త భూమినే ఇచ్చేవాడు. ఇల్లు, పశువుల కొట్టం, కంచె, మురుగు కాలువ అన్నీ కౌలురైతు తన చేతులతో చేసుకోవాలి. కానీ ఎక్కువమందికి స్థిరమైన గడువు లేదు. ఇల్లు మెరుగుపడితే అద్దె పెరిగేది, లేదా రైతు ఖాళీ చేయవలసి వచ్చేది. ఇటువంటప్పుడు తెలివైన రైతు చేసే పని ఒక్కటే, ఏమీ బాగుచేయకుండా ఉండటం. 1843లో నియమించిన డెవన్ కమిషన్ 1845లో ఇచ్చిన నివేదికలో ఈ దుస్థితి చర్చకు వచ్చింది. ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లో మాత్రం పోయే రైతు తన హక్కును వచ్చే రైతుకు అమ్ముకునే ఆచారం ఉండేది. అక్కడ పెట్టినదానిలో కొంతైనా చేతికి వచ్చేది.

గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1870లో తెచ్చిన భూచట్టం, కౌలురైతు చేసిన మెరుగుదలలకు పరిహారం పొందే హక్కును గుర్తించింది. 1881 చట్టం న్యాయమైన అద్దె, స్థిరమైన అనుభవం, స్వేచ్ఛగా అమ్ముకునే హక్కు అన్న మూడింటినీ ఇచ్చింది. ఆ చట్టంలోనే టిమ్ హీలీ అనే పార్లమెంటు సభ్యుని పేరుతో ప్రసిద్ధమైన ఒక నిబంధన ఉంది. రైతు తాను చేసిన మెరుగుదల మీద తానే అద్దె కట్టనక్కరలేదని దాని సారం.

ఈ నిబంధనను మన ఉదాహరణకు అన్వయించి చూడండి. మూడో ఏట యజమాని “ఇల్లు ఇప్పుడు బాగుంది కదా, ఇకనుంచి నెలకు రెండు వేలు ఇవ్వండి” అన్నాడనుకోండి. మాట సబబుగానే వినిపిస్తుంది. కానీ ఇల్లు బాగుండటానికి కారణం ఆ దంపతులే. వారు పెట్టినదానికి వారి దగ్గరే అద్దె వసూలు చేయడమవుతుంది.

ఫ్రాన్సు 1990లో ఇటువంటి ఏర్పాటుకు ప్రత్యేకమైన లీజునే సృష్టించింది. అందులో లీజు తీసుకునేది కొన్ని నిర్ణీత సంస్థలే తప్ప మామూలు కుటుంబం కాదు. ఆ సంస్థ కట్టడాన్ని బాగుచేసి నివాసానికి ఇస్తుంది, గడువు ముగిశాక పరిహారం లేకుండా యజమానికి అప్పగిస్తుంది. గడువు 12 ఏళ్లకు తగ్గరాదు. పెట్టినది రాబట్టుకునే వ్యవధి చట్టమే ఇచ్చింది కాబట్టి చివర్లో పరిహారం ప్రశ్న రాదు.

6.4 లీజా, లైసెన్సా?

మన దేశంలో మరమ్మతుకు బదులు నివాసం అనే పేరుతో ప్రత్యేక చట్టం లేదు. ఉన్న చట్టాలలోనే దీనికి చోటు వెతకాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 105 ప్రకారం లీజుకు ప్రతిఫలం డబ్బే కానక్కరలేదు. పంటలో వాటా, సేవ, విలువగల మరేదైనా కావచ్చు. కాబట్టి మరమ్మతు శ్రమ కూడా లీజుకు ప్రతిఫలం కాగలదు. “అద్దె వద్దు” అన్నంత మాత్రాన అది ఉచితం అయిపోదు.

అయితే ఇంట్లో ఉండనిచ్చిన ప్రతి ఏర్పాటూ లీజు కాదు. ఆస్తిలో హక్కు బదిలీ కాకుండా, వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తే అది లైసెన్సు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 52 దీన్ని నిర్వచిస్తుంది. అసోసియేటెడ్ హోటల్స్ ఆఫ్ ఇండియా – ఆర్.ఎన్. కపూర్ కేసులో (1959) సుప్రీంకోర్టు, కాగితానికి పెట్టిన పేరు కాక పక్షాల ఉద్దేశం, లోపలి సారం ముఖ్యమని చెప్పింది. ఇతరులెవరికీ ప్రవేశం లేని సంపూర్ణ స్వాధీనం ఇచ్చి ఉంటే, వేరే పరిస్థితులు లేనప్పుడు, అది లీజు వైపు మొగ్గుతుంది.

ఈ తేడా పుస్తకాలకే పరిమితమైనది కాదు. యజమాని ఆ ఇంటిని మరొకరికి అమ్మితే, లీజు కొన్నవారిని కూడా కట్టి ఉంచుతుంది. లైసెన్సు అలా కట్టి ఉంచదని ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 59 చెబుతుంది. అంటే “బాబాయ్” మంచివాడైనా సరిపోదు. ఆయన నుంచి కొన్న అపరిచితుడికి ఆ మాటతో సంబంధం లేదు.

లైసెన్సుదారుకు అసలు రక్షణే లేదని మాత్రం అనుకోకండి. సెక్షన్ 60 ప్రకారం, అనుమతిని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వత స్వభావం గల నిర్మాణం చేసినవారి లైసెన్సును రద్దు చేయడానికి వీలులేదు. రామ్ సరూప్ గుప్తా – బిషున్ నారాయణ్ ఇంటర్ కాలేజ్ కేసులో (1987) ఒక విద్యాసంస్థ అనుమతితో పొందిన స్థలంలో శాశ్వత కట్టడాలు కట్టింది. తర్వాత ఆస్తి కొన్న వ్యక్తి ఖాళీ చేయించబోతే సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అయితే సున్నం వేయడం, పెంకు మార్చడం ‘శాశ్వత నిర్మాణం’ అని ఒప్పించడం కష్టం. కొత్తగా కట్టిన గది, మరుగుదొడ్డి విషయంలో వాదన బలంగా ఉంటుంది. ఇంకా సెక్షన్ 64 ఉంది. ప్రతిఫలం ఇచ్చి పొందిన లైసెన్సును పూర్తిగా అనుభవించకముందే, తన తప్పు లేకుండా, అనుమతి ఇచ్చిన వ్యక్తి వెళ్లగొడితే పరిహారం అడగవచ్చు. మన ‘మిగులు బాకీ’కి చట్టంలో ఇంతకంటే దగ్గరగా ఉన్న మాట లేదు.

విద్యార్థులు తరచుగా పొరబడే చోటు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 51. స్థిరాస్తిపై చేసిన మెరుగుదలకు విలువ ఇప్పించే నిబంధన అది. కానీ ఆస్తి తనదేనని సద్భావంతో నమ్మి మెరుగుపరచినవారికే అది వర్తిస్తుంది. లీజుదారుకు ఆస్తి తనది కాదని మొదటి నుంచీ తెలుసు. కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. ఒప్పందమే చెల్లని పరిస్థితిలో 1872 నాటి ఒప్పంద చట్టం సెక్షన్ 70 అక్కరకు రావచ్చు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయసమ్మతంగా చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, వారు పరిహారం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ రాష్ట్రం – బి.కె. మండల్ కేసులో (1962) పౌర సరఫరాల శాఖకు గోదాములు కట్టిన కాంట్రాక్టరుకు, ఒప్పందం చట్టప్రకారం లేకపోయినా, ఈ సెక్షనే డబ్బు ఇప్పించింది.

6.5 పదకొండు నెలల కాగితం

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మన ప్రాంతాల్లో ఇంటి అద్దె పత్రం అనగానే పదకొండు నెలలకు రాస్తారు. ఎందుకు? ఏడాదికి మించిన లీజు రిజిస్టరు పత్రం ద్వారానే జరగాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107, రిజిస్ట్రేషన్ చట్టం (1908) సెక్షన్ 17 చెబుతాయి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. నెలనెలా డబ్బు చెల్లించే అద్దెకు ఇది పెద్దగా నష్టం చేయదు. ఏ నెల లెక్క ఆ నెల తేలిపోతుంది కదా. కానీ 80 నెలల్లో తీరవలసిన బాకీని పదకొండు నెలల కాగితం మీద పెట్టడం వేరే సంగతి.

పోనీ, స్టాంపు కాగితం మీద ఏడేళ్లకు రాసుకుని రిజిస్టరు చేయించకపోతే? ఆంథోనీ – కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో (2000) ఐదేళ్ల లీజు పత్రం రిజిస్టరు కాలేదు. పత్రం లీజుగా చెల్లకపోయినా స్వాధీనం, అద్దె చెల్లింపుల వల్ల యజమాని–లీజుదారు సంబంధం ఏర్పడిందని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ సంబంధం నెలవారీదే. సెక్షన్ 106 ప్రకారం నివాసపు నెలవారీ లీజును పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఏడేళ్లని రాసుకున్న కాగితం పదిహేను రోజుల విలువకు దిగిపోయింది. కాబట్టి ఈ తరహా ఏర్పాటులో రిజిస్ట్రేషన్ ఖర్చును అనవసరపు ఖర్చుగా చూడకూడదని మా అభిప్రాయం. మన ఉదాహరణలో అది 2,40,000 రూపాయలకు బీమా లాంటిది.

యజమానులు రాతకోతలకు వెనకాడటానికి కారణం ఒకటే: “కాగితం ఇస్తే ఇల్లు వాళ్లదైపోతుందేమో.” నిజానికి వ్యతిరేకం. 1963 నాటి పరిమితుల చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్నది యజమాని హక్కుకు ప్రతికూలంగా సాగిన స్వాధీనానికి. అనుమతితో అడుగుపెట్టిన వ్యక్తి ఎన్నేళ్లున్నా, కాలం గడిచినంత మాత్రాన ఆ స్వాధీనం ప్రతికూలం కాదు. ఆ అనుమతికి సాక్ష్యం కాగితమే. రాయనప్పుడే యజమానికి ఎక్కువ ఇబ్బంది. పొలాన్ని కూడా అదే కుటుంబానికి సాగుకు ఇస్తే దాన్ని వేరే పత్రంలో రాసుకోవాలి. సాగు కౌలుకు వర్తించే చట్టాలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్నే ఉద్దేశించింది. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఇంటి గడువు పొలం గడువుతో చిక్కుపడుతుంది.

6.6 పలుగు పట్టేముందు

మొదట చూడవలసినది ఇల్లు ఎవరిదన్నది. పెద్దాయన పోయాక అన్నదమ్ముల మధ్య పంపకం జరగని ఇళ్లు మన ఊళ్లలో కొల్లలు. ఒక అన్న మాట మీద కప్పు వేయించుకుంటే, రేపు పంపకం దావాలో ఆ గది మరో తమ్ముడి వాటాకు రావచ్చు. వాటాదారులందరి సంతకాలు ఉండాలి. విదేశంలో ఉన్నవారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న వ్యక్తి సంతకం చేస్తే, లీజు ఇచ్చే అధికారం ఆ పత్రంలో స్పష్టంగా ఉందో లేదో చదవాలి.

రెండోది భూమి స్వభావం. కట్టడం పట్టా పొలంలో ఉంటే పాసుపుస్తకం, అడంగలు లేదా పహాణీ దొరుకుతాయి. గ్రామకంఠంలో ఉంటే అటువంటి హక్కు పత్రం సాధారణంగా ఉండదు. ఆ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2020లో స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే మరింత జాగ్రత్త కావాలి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ‘బదిలీ’ అన్న మాటలో లీజును కూడా చేర్చింది. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు జరిగే బదిలీలను 1959 నాటి 1వ నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ అడ్డుకుంటాయి. ఇవేవీ చూసుకోకుండా వేసిన కప్పు, ఎంత గట్టిదైనా, చట్టం ముందు నిలవదు.

6.7 “నిలబెట్టు” అంటే ఎంత?

ఇక మూడో మాట. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం లీజుదారు ఆస్తిని తాను స్వాధీనం చేసుకున్ననాటి స్థితిలో ఉంచాలి, సహజమైన అరుగుదల మినహాయింపు. కానీ స్వాధీనం చేసుకున్ననాడు అది శిథిలం! ఒప్పందంలో వేరుగా రాయకపోతే, చట్టరీత్యా లీజుదారు శిథిలాన్ని శిథిలంగా తిరిగిచ్చినా సరిపోతుంది. కాబట్టి ఒప్పందానికి మరమ్మతు పట్టిక జతచేయాలి. ప్రవేశించిన రోజు ప్రతి గోడకు, కప్పుకు తేదీతో ఫొటోలు తీసి రెండు పక్షాలూ సంతకం పెట్టాలి.

పట్టికలో పనుల వరుసకు కారణం ఉండాలి. మొదట కప్పు. జూన్‌లో మృగశిర కార్తె వచ్చేలోగా కప్పు పూర్తికాకపోతే మిగతా పనులకు అర్థం లేదు. ఒప్పందంలో మాత్రం కార్తె పేరు కాక తేదీ రాయండి. తర్వాత గోడల చుట్టూ నీరు నిలవకుండా వాలు, కాలువ. ఆ తర్వాత గోడలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మట్టిగోడకో సున్నపు గోడకో సిమెంటు పూత పూయడం. అటువంటి గోడ నేలలోంచి తేమను పీల్చి పైకి వదులుతూ ఉంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే నిలిచి గోడ కాళ్ల దగ్గర మెత్తబడుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. పైకి కొత్తగా కనిపించే ఇల్లు లోపల కుంగుతూ ఉంటుంది. మట్టికి మట్టిపూత, సున్నానికి సున్నం అని పట్టికలోనే రాసుకోవడం యజమానికి మేలు. చెద పట్టిన దూలాన్ని మార్చాలా, ఆసరా పెట్టి ఊరుకోవాలా అన్నది కూడా అప్పుడే తేలాలి. తీసేసిన టేకు దూలం, పాత తలుపులు ఎవరివో రాయకపోతే తగవు అక్కడే మొదలవుతుంది. పాత టేకుకు గిరాకీ ఎక్కువ.

పెట్టినవాటిలో వెళ్లేటప్పుడు ఏది తీసుకుపోవచ్చు? సెక్షన్ 108 ప్రకారం లీజుదారు తాను అమర్చినవాటిని స్వాధీనంలో ఉన్నంతవరకు తీసుకుపోవచ్చు, ఆస్తి తాను పొందినప్పటి స్థితిలో మిగలాలి. నీటి మోటారు, ఫ్యాన్లు, ముందు వేసుకున్న రేకుల పందిరి ఇలా పోవచ్చు. కప్పులో వేసిన వాసాన్ని తీసుకుపోతే ఇల్లే పోతుంది. కాబట్టి ఊడదీయలేని వాటి విలువ మాత్రమే మిగులు బాకీలో లెక్కకు రావాలి.

ఆ లెక్కను కూడా పత్రంలోనే పెట్టవచ్చు. పని పూర్తయిన తేదీన ఒప్పుకున్న విలువ, నెలకు తగ్గే మొత్తం, ఏ ఏడాది చివర ఎంత మిగులుతుందో చూపే చిన్న పట్టిక చాలు. యజమాని ముందే ఖాళీ చేయించదలిస్తే ఆ నాటి మిగులు చెల్లించాలి. నివాసి తనంతట తాను వెళ్లిపోతే దాన్ని వదులుకోవాలి, లేదా సగానికి ఒప్పుకోవాలి. తుపానుకో అగ్నిప్రమాదానికో ఇల్లు పూర్తిగా నివాసయోగ్యం కాకుండా పోతే లీజును రద్దు చేసుకునే ఎంపిక లీజుదారుకు చట్టం ఇస్తుంది. కానీ అప్పటి మిగులు బాకీని ఎవరు భరించాలో ఆ నిబంధన చెప్పదు. తీరప్రాంత జిల్లాల విద్యార్థులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

6.8 అభ్యాసం

పై ఉదాహరణలో దంపతులకు రిజిస్టరు పత్రం లేదు. 30వ నెలలో యజమాని ఇంటిని పొలంతో సహా మరొకరికి అమ్మాడు. కొన్న వ్యక్తి పదిహేను రోజుల నోటీసు ఇచ్చాడు. ఆ నాటికి మిగులు బాకీ ఎంతో లెక్కించండి. దంపతులు కొత్తగా కట్టిన మరుగుదొడ్డిని ఆధారం చేసుకుని సెక్షన్ 60 కింద ఏమని వాదించవచ్చు? సెక్షన్ 64 కింద పరిహారం అడగవలసింది అమ్మిన వ్యక్తినా, కొన్న వ్యక్తినా? మీ సమాధానాన్ని ఒక పేజీకి మించకుండా రాసి, 80 నెలల రిజిస్టరు లీజు ఉండి ఉంటే ఏది మారేదో చివరి పేరాలో చూపండి.